ఇంజన్ ఆయుష్షు కందెనలోనే ఉంది

(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర, కరెంటు, అప్పుల గురించి మాట్లాడుకునే చోట మోటారు సైకిల్ ఆయిల్ ముచ్చటేమిటని కొందరికి అనిపించవచ్చు. పాల క్యాను కేంద్రానికి చేరాలన్నా, ఎరువు బస్తా గట్టు మీదికి రావాలన్నా ఇవాళ మనకు బండే దిక్కు. ఇంజన్ బోరుకొస్తే పెట్టే వేల రూపాయలు విత్తనాలకు దాచుకున్నవే. అందుకే ఇది మన సమస్యే.

జర్మన్ ఇంజన్‌కు చావు లేదని మనవాళ్ళు అంటుంటారు. ఎందుకో చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ విమాన ఇంజన్లు చేయకూడదని 1919 వెర్సేల్స్ ఒప్పందంలో షరతు పెట్టారు. విమాన ఇంజన్లు చేసే బీఎండబ్ల్యూ వేరే పనులు వెతుక్కుంది. అక్కడి ఇంజనీరు మాక్స్ ఫ్రిజ్ గీసిన ఆర్ 32 అనే మోటారు సైకిల్ 1923లో వచ్చింది. ఇంజన్ 494 సీసీ. రెండు సిలిండర్లు కుడికొకటి, ఎడమకొకటి గాలిలోకి చాచి ఉంటాయి.

అప్పటి చాలా బళ్ళలో ఆయిల్ ఇంజన్‌లోకి ఒకసారి వెళ్ళి కాలిపోయేది, లేదా రోడ్డు మీద కారిపోయేది. కొన్నింటికి నడిపేవాడే మధ్యమధ్యలో చేత్తో పంపు కొట్టాలి. మరిచిపోతే ఇంజన్ పట్టేసేది. ఆర్ 32లో ఆయిల్ ఇంజన్ అడుగునే నిలవ ఉంటుంది. పంపు దాన్ని పైకి తోస్తుంది, పని చేసి మళ్ళీ కిందికే దిగుతుంది. నడిపేవాడి జ్ఞాపకం మీద ఇంజన్ ప్రాణం ఆధారపడలేదు. ఇవాళ మన 100 సీసీ బళ్ళలోనూ ఆయిల్ ఇలాగే తిరుగుతోంది.

ఆ తరహా ఇంజన్‌తోనే 1980లో ఆర్ 80 జీ/ఎస్ వచ్చింది. సహారా ఎడారి దాటే పారిస్-డాకర్ పందెంలో 1981, 1983, 1984, 1985లలో బీఎండబ్ల్యూ బళ్ళే గెలిచాయి.

ఇదంతా ఇనుము గొప్పతనమేనా? ఇనుము బాగుండాలి, కానీ అదొక్కటే కాదు. ఆ పాత బళ్ళలో ఇంజన్‌కు ఒక ఆయిల్, గేరు బాక్సుకు ఒకటి, వెనక చక్రం గేర్లకు ఇంకొకటి. ఒకదాని మురికి ఇంకొకదానిలో కలవదు. సిలిండర్లు బయటికే ఉంటాయి కాబట్టి నాలుగు స్పానర్లతో చెట్టు కిందే వాల్వులు సర్దుకోవచ్చు. దశాబ్దాల నాటి బళ్ళకు కూడా కంపెనీ విడిభాగాలు అమ్ముతూనే ఉంది. మన్నిక అంటే ఇవన్నీ కలిస్తేనే.

ఇక మన బళ్ళ సంగతి. వీటిలో చాలావాటికి ఇంజన్, గేర్లు, క్లచ్ మూడింటికీ ఒకటే లీటరు ఆయిల్. క్లచ్ ప్లేట్ల అరుగుడు కూడా అందులోనే కలుస్తుంది. అందుకే కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ అని ఉందో లేదో చూడండి. 10డబ్ల్యూ-30 వంటి నంబరు మీ బండి పుస్తకంలో ఏది ఉంటే అదే పోయండి.

ఆయిల్ నల్లబడగానే చెడిపోయినట్టు కాదు. మసిని పట్టి ఉంచడం దాని పనే. భయపడాల్సింది మట్టం తగ్గినప్పుడు. కాసేపు ఇంజన్ నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలాగి, సెంటర్ స్టాండు మీద చూడాలి. సైడు స్టాండు మీద చూస్తే లెక్క తప్పుతుంది. పొలానికి కిలోమీటరు వెళ్ళి వచ్చే బండిలో ఆయిల్ సరిగా వేడెక్కదు. తేమ, పెట్రోలు అందులో చేరతాయి. కాబట్టి కిలోమీటర్లు తిరగలేదని ఊరుకోకుండా నెలలు కూడా లెక్కపెట్టాలి. వాగు దాటాక ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకు మారితే నీళ్ళు చేరినట్టే. బండి స్టార్ట్ చేయకండి. లూజు ఆయిల్ కొనకండి. ఖాళీ డబ్బాకు కన్నం పొడిచి పారేయండి, కల్తీగాళ్ళ చేతికి పోదు. తీసిన ఆయిల్ కాలువలో పోయకండి.

మన పెద్దలు ఎడ్లబండికి కందెన గొట్టం కట్టుకుని తిరిగారు. ఇరుసు ఎండితే ఎక్కడికక్కడ వాళ్ళే పెట్టుకున్నారు. ఇవాళ కొత్త ట్రాక్టరు, కొత్త బండి కొంటే మూత తీయడానికి కూడా షోరూముకే రమ్మంటున్నారు. బయట బాగు చేయిస్తే గ్యారంటీ పోతుందని బెదిరిస్తున్నారు. పుస్తకం ఇంగ్లీషులో ఇస్తున్నారు. డబ్బు మనది, యంత్రం మనది, విప్పే హక్కు మాత్రం వాళ్ళదా?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో బాగు చేయించుకునే హక్కు మీద కమిటీ వేసింది. ఆ జాబితాలో వ్యవసాయ పరికరాలు, వాహనాలు కూడా ఉన్నాయి. ఆ హక్కు చట్టంగా రావాలి. ప్రతి యంత్రానికీ తెలుగు పుస్తకం ఇవ్వాలి. మోడల్ ఆగిపోయినా ఏళ్ళ తరబడి విడిభాగాలు దొరకాలి. ఊరి మెకానిక్‌కు కూడా సర్వీసు వివరాలు అందాలి. ఈ నాలుగు డిమాండ్లను ప్రతి గ్రామ కమిటీలో చర్చించి తీర్మానం చేసి పంపండి.

ఇంటికి వెళ్ళాక మాత్రం ముందు బండి సెంటర్ స్టాండు వేయండి. ఆయిల్ చూడండి.