బండి వేగం చెప్పే బోర్డు

రోడ్డు పక్క స్తంభానికి బిగించిన చిన్న రాడార్ ఎదురుగా వచ్చే బండి మీదికి తరంగాలు పంపుతుంది. తిరిగొచ్చిన తరంగాల్లోని తేడాను బట్టి వేగం లెక్కకట్టి, బోర్డు మీద పెద్ద అంకెల్లో చూపిస్తుంది. పరిమితి దాటితే ఎర్ర అంకెలు వెలుగుతాయి. ఫొటో తీయదు, చలానా రాయదు. సోలార్ పలకతో నడిచే రకమూ ఉంది. రాయలసీమలో ఎండకు కొదవ లేదు.

నంద్యాల, ఆళ్లగడ్డలను కలిపేది 40వ నంబరు జాతీయ రహదారి. దాని మీద 80లో వచ్చిన డ్రైవరుకు ఊళ్లో 50 కూడా నత్తనడకే అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. 30లో 8 మీటర్లే. బంతి వెంట పిల్లవాడు వీధిలోకి ఉరికినప్పుడు, డ్రైవరు కాలు బ్రేకు మీదికి చేరేలోగానే ఆ దూరం గడిచిపోతుంది. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

గుట్టల్లా పోసిన స్పీడ్ బ్రేకర్లు 108 అంబులెన్సునూ కుదిపేస్తాయి. బోర్డుతో ఆ బాధ లేదు. కానీ దాని ప్రభావం గంటకు కొద్ది కిలోమీటర్లే. రోజూ చూసేవారికి అలవాటైపోతుంది కూడా. అందుకే బడి ఉన్న వీధుల మధ్య దాన్ని మారుస్తుండాలి, అప్పుడప్పుడు పక్కన పోలీసులూ నిలబడాలి. మోటారు వాహనాల చట్టం 183వ సెక్షను కింద అతివేగానికి కారుకు జరిమానా 1,000 నుంచి 2,000 రూపాయలు.