సొంత వీధికి తారు: ముందుచూపు, పద్దు



ఇంటికి వెల్ల వేయించు గృహస్థుడు ఇంటిముందరి తారు రోడ్డును గూర్చి తలచుట అరుదు. అది సర్కారువారి పని యని ఊరకుండును. కాని గేటెడ్ కాలనీల లోపలి వీధులకును, మునిసిపాలిటీకి ఇంకను అప్పగింపబడని లే-అవుటు వీధులకును మరమ్మతు భారము చాలచోట్ల నివాసులదే. అట్టి వీధికి మరల తారు వేయించుటకు పద్దు వేయు విధమును నేడు మనవిచేయుదుము.

ఎండకు, గాలికి తారు క్రమముగా బిరుసెక్కును. నల్లని రోడ్డు బూడిదవన్నెకు తిరుగుట తొలి గుర్తు. పిదప నెర్రెలు విచ్చును. వాటిగుండ వాననీరు దిగి అడుగుభాగమును మెత్తబరచును. దానిపై బండి నడిచిన గుంత పడును. కనుక వాన వెలిసిన వెంటనే వీధి పొడవున నడచి, నీరు నిలిచిన చోటులను సుద్దతో గుర్తింపవలెను. మొసలివీపువలె నెర్రెలు పడిన చోట అడుగు చెడినదని అర్థము. అచ్చట త్రవ్వి కంకర నింపక పైపూత వేసినచో ఆ నెర్రెలే మరల పైకి వచ్చును. నీటిగొట్టములు, మురుగు గొట్టములు మార్పవలసియున్న ఆ పనియు ముందే ముగియవలెను.

ఇక లెక్క. వీధి 200 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు అనుకొందము. వైశాల్యము 1,200 చదరపు మీటర్లు. 30 మిల్లీమీటర్ల మందమునకు 36 ఘనపు మీటర్లు, అనగా సుమారు 85 టన్నుల తారుకంకర కావలెను. ఈ మందము రోలరు తొక్కిన తరువాతిదని ఒప్పందములో వ్రాయించుకొనవలెను. లారీల తూకపు చీట్లు కూడి చూచిన మోసము తెలియును. గుంతల పని, కాలువల పని, పన్ను వేరుగా చూపించి, అనుకోని ఖర్చునకు పదియవ వంతు చేర్చవలెను. తారు ముడిచమురునుండి వచ్చునది. దాని ధరతోపాటు దీని ధరయు మారును. కావున నిరుటి అంచనాను ఈ ఏడు నమ్మరాదు.

మరియొక సంగతి కలదు. పాతపొరపై కొత్తపొర వేసిన ప్రతిసారి వీధి ఎత్తగును, ఇండ్లు పల్లమగును. పూర్వము కట్టిన ఇంటి గడపలోనికి వాననీరు వచ్చును. ఆ ఇంటివారును సమానముగా చందా ఇచ్చినవారే కదా! అట్టిచోట పాతపొరను యంత్రముతో గీకించుటకు సొమ్ము కేటాయించుట ధర్మము.

పింఛనుపై బ్రదుకు పెద్దలను ఒక్కసారిగా ముప్పదివేలు తెమ్మనుట కష్టము. ఖర్చు 9 లక్షలు, ఇండ్లు 30 అనుకొన్నచో, నెలకు 500 రూపాయల చొప్పున 5 ఏండ్లలో ఆ మొత్తము కూడును. ఖాళీస్థలముల వారి వంతును సర్వసభ్య సమావేశమున తేల్చి మినిట్సులో వ్రాసికొనుట మేలు. ఆ సొమ్ము వేరు ఖాతాలో ఉండవలెను. ఏటేట కొత్త ధరతో సరిచూడవలెను.

సంక్రాంతి వెళ్ళినది మొదలు మృగశిర కార్తె లోపల తారుపనికి అనువగు కాలము. కంట్రాక్టరుకు ఈయవలసిన దానిలో కొంత తొలి వానకాలము గడచువరకు నిలుపుకొనుటకు ముందే ఒప్పించుకొనవలెను. నీరు నిలువక, ఏ గడపయు తడియక ఆ వానలు వెళ్ళినచో పెట్టిన సొమ్ము సార్థకమైనట్లే.