ఛార్జి: ఒక్క మాట, ఎన్నో బరువులు

(నర్సింహులపేటలో జరిగిన మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన వాణ్ణి కనుక నేను ఒకే ఒక్క ఇంగ్లీషు క్రియను గురించి మనవి చేస్తాను. అది మీకందరికీ తెలిసినదే. దాని పేరు ఛార్జ్.

తెలిసినదే అన్నాను గాని, మొన్నామధ్య జరిగిన సంగతి వినండి. మా వాడలో ఒక పెద్దాయన ఉన్నారు. అందరం చాచా అని పిలుస్తాం. ఒకనాడు తెల్లవారకముందే మా ఇంటికి వచ్చారు. ముఖం వాడిపోయి ఉంది. "మాస్టర్ సాబ్, నా మీద కేసు పెట్టిండ్రట. రాత్రంతా కన్ను మూయలె. నేనేం తప్పు చేసిన?" అన్నారు. ఫోను నా చేతికిచ్చారు. చూస్తే బ్యాంకు నుండి వచ్చిన సందేశం. ఖాతాకు పదిహేడు రూపాయల డెబ్బై పైసలు ఛార్జ్ చేశామని అందులో ఉంది. ముందు రోజు దాన్ని ఏడో తరగతి చదువుతున్న మనుమరాలు చదివింది. ఆ పిల్లకు టీవీ వార్తల్లో విన్న ఛార్జిషీటు ఒక్కటే తెలుసు. "దాదా, నిన్ను ఛార్జ్ చేసిన్రు" అని చెప్పింది.

పిల్లది తప్పని నేననను. ఆమె చెప్పిన అర్థమూ నిఘంటువులో ఉన్నదే. అయితే అక్కడ పనికివచ్చే అర్థం అది కాదు. అంతే, ఒక ముసలాయనకు రాత్రి నిద్ర లేకుండా పోయింది.

ఈ మాట రోజుకు ఎన్నిసార్లు మన నోట వస్తుందో చూడండి. పొద్దున్నే సెల్లుకు ఛార్జింగ్ పెడతాం. తొర్రూరుకు బస్సెక్కితే ఛార్జి ఇస్తాం. మన పెద్దలు దాన్నే కిరాయి అనేవారు. కొత్త తహసీల్దారు ఛార్జి తీసుకుంటారు. ఆయన సెలవు పెడితే మరొకరు ఇన్‌ఛార్జి. గుంపు మీద పోలీసులు లాఠీలతో పడితే లాఠీఛార్జి. ఆసుపత్రి నుండి ఇంటికి పంపితే డిశ్చార్జి. ఇన్నింటికీ చుట్టరికం ఏమిటి?

ఆ చుట్టరికం బండిలో ఉంది. లాటిన్ భాషలో కార్రుస్ అంటే బండి. దాని నుండి బండికి బరువెత్తడం అనే అర్థం గల క్రియ పుట్టి, ఫ్రెంచి భాష మీదుగా ఇంగ్లీషుకు వచ్చి ఛార్జ్ అయింది. కారు, కార్గో అనే మాటలదీ ఆ వంశమే. బండ్లకు వడ్ల బస్తాలెత్తిన ఊరు మనది, ఇంతకంటే వివరం అక్కరలేదు. జేబు మీద పడే బరువు రుసుము. భుజం మీద పడే బరువు బాధ్యత. బ్యాటరీలో నింపేది కరెంటు, తుపాకీలో దట్టించేది మందు. దించేస్తే డిశ్చార్జి. మన తెలుగు కూడా ఈ దారినే నడిచింది. గడ్డిమోపు అంటాం, నేరం మోపారు అని కూడా అంటాం కదా! ఉర్దూ సైన్సు పుస్తకాల్లో విద్యుత్తు ఛార్జిని బర్ఖీ బార్ అంటారు. బార్ అంటే బరువే. తెలుగు పుస్తకాల్లో మాత్రం ఆవేశం అన్నారు: ధనావేశం, ఋణావేశం. తెలుగు మీడియంలో పది పాసై ఇంటర్ ఇంగ్లీషులో చదివే పిల్లలు ఇక్కడే బెదురుతారు. పాఠం పాతదే నాయనా, పేరు ఒక్కటే కొత్తది.

మరి ఎక్కడ ఏ అర్థమో తెలిసేదెట్లా? పిల్లలు ఈ గుర్తులు రాసుకోండి. పక్కన 'ఫర్' ఉంటే సాధారణంగా డబ్బు మాట. 'విత్' ఉండి తరువాత నేరం పేరుంటే ఆరోపణ. 'ఇన్ ఛార్జ్ ఆఫ్' అంటే బాధ్యత. 'ఫ్రీ ఆఫ్ ఛార్జ్' అంటే ఏ బరువూ లేదు, ఉచితం. 2023 డిసెంబర్ 9న మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయ్యాక జీరో టికెట్ అన్నది ఇదే.

పెద్దలకు రెండు మాటలు. ఒకటి, భూమి సంగతి. ఒక బాకీకి ఫలానా భూమి పూచీ అని చట్టప్రకారం ఏర్పడితే దాన్ని కూడా ఛార్జ్ అంటారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం నూరో సెక్షనులో ఈ మాట ఉంది. భూమి కొనేముందు ఈసీ తీయించి, అందులో ఆ మాట కనబడితే అడిగి తెలుసుకున్నాకనే బయానా ఇవ్వండి.

రెండోది, ఛార్జిషీటు సంగతి. అది దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టుకిచ్చే కాగితం. ఆరోపణే గాని రుజువు కాదు. ఆ తరువాత జడ్జిగారు కాగితాలు చూసి, ఇరుపక్షాలవారి మాట విని, ఆధారం లేదనిపిస్తే డిశ్చార్జి చేయవచ్చు. ఉందనిపిస్తే తామే ఛార్జి రాస్తారు. ముద్దాయికి దాన్ని చదివి వినిపించి, అర్థమయ్యేట్టు చెప్పాలి. 1973 నాటి పాత చట్టంలోనూ, 2024 జూలై 1 నుండి అమలైన కొత్త చట్టంలోనూ ఈ నియమం ఉంది. నేరం మోపబడ్డవాడికే విడమరచి చెప్పాలని చట్టం అంటుంటే, మనం ఒక కాగితం తెలియక ఇంకొకరిని అడగడానికి సిగ్గుపడటం ఎందుకు? చాచా తెల్లవారేదాకా ఆగింది ఆ సిగ్గుతోనే. రాత్రే తలుపు తట్టి ఉంటే రెండు నిమిషాల పని.

కనుక సంఘానికి నాదొక విన్నపం. వారానికి ఒక సాయంత్రం, ఒక్క గంట, చదువుకున్న మన పిల్లలు ఇద్దరు ఆఫీసులో కూర్చోవాలి. ఎవరికి వచ్చిన ఉత్తరమైనా, నోటీసైనా, ఫోను సందేశమైనా చదివి చెప్పాలి. తెలియకపోతే తెలియదనాలి, ఊహించి చెప్పరాదు. నిఘంటువు నేనిస్తాను. నడవగలిగినన్నాళ్ళు నేనూ వచ్చి కూర్చుంటాను.

ఆ రోజు సంగతంతా విడమరచి చెప్పాక చాచా చాయ్ తాగి, "పదిహేడు రూపాయలు పోతే పాయె మాస్టర్ సాబ్, గుండె మీది బండ దిగింది" అన్నారు. లాటిన్ చదవకపోయినా అసలు అర్థం ఆయనకే బాగా తెలిసింది. వెళ్ళేముందు మనుమరాలిని కోప్పడవద్దని చెప్పాను. "కోపమెందుకు, దాన్ని ఇంకా చదివిస్త" అన్నారు. ఆ పిల్ల ఈ సభలోనే ఉంది. ఆ వారం సాయంత్రానికి మొదటి పేరు ఆమెదే రాసుకోమని కార్యదర్శిగారికి మనవి చేస్తూ, సెలవు తీసుకుంటున్నాను.