మన దుకాణం ఫోనులోనూ కనబడాలి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందిమి చిన్న వ్యాపారస్తులం. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కాని ఆ గాజుల కోసం ఫోనులో వెదికే మనిషికి మన దుకాణం కనబడకపోతే బేరం ఇంకొకరికి పోతుంది.

ఇందుకు వేలు పోయనక్కర లేదు. గూగుల్ మ్యాపులో దుకాణం వివరాలు నమోదు చేసుకోవటం ఉచితం. పేరు, ఫోను నంబరు, తెరిచే వేళలు సరిగా ఉండాలి. రంజాన్ నెలలో వేళలు మారితే అక్కడా మార్చాలి. మూసిన తలుపు చూసి తిరిగిపోయినవాడు మళ్ళీ రాడు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో సరుకుల ఫోటోలు, ధరలు పెట్టుకోవచ్చు. ఫోటో మన సరుకుదే కావాలి. అడిగినవారికి ఆ రోజే జవాబివ్వాలి.

వెబ్‌సైటు పెట్టుకునేవారికి ఒక మాట. దాని పేరు, అంటే డొమైన్, మన పేరు మీదే రిజిస్టరు చేయించాలి. తయారు చేసిన కుర్రవాడి పేరు మీద ఉంటే దుకాణం తాళంచెవి పరాయి చేతిలో పెట్టినట్లే. గడువు దాటినా రుసుము కట్టకపోతే ఆ పేరు ఇంకొకరు తీసుకోవచ్చు. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకండి.

డబ్బిచ్చి పొగడ్తలు రాయించుకోవద్దు. అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం. అంతకుమించి, తూకంలో మోసం చేయనివాడు మాటలోనూ చేయకూడదు.

కొత్తగా వచ్చిన ప్రతివారినీ "మా సంగతి ఎలా తెలిసిందండీ?" అని అడిగి పుస్తకంలో రాసుకుందాం. మూడు నెలల తర్వాత లెక్క చూస్తే పెట్టిన ఖర్చు గిట్టిందో లేదో తేలిపోతుంది. చదువుకున్న మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఈ పని ఇంటి నుంచే చక్కబెట్టగలరు. వారికి అప్పగించి చూద్దాం.