సాయం సాయాన్ని మింగరాదు

(హాలియాలో మైనారిటీ విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కళాశాలలో సీటు వచ్చిన పిల్లలు ఈ సభలో చాలామంది ఉన్నారు. వారి తల్లిదండ్రుల్లో ఆటో నడిపేవారు, రైసు మిల్లుల్లో బస్తాలు మోసేవారు, కుట్టుమిషనుపై ఇల్లు నెట్టుకొచ్చేవారు ఉన్నారు. ఈ పిల్లల చదువు స్కాలర్‌షిప్పులపైనే నిలబడి ఉన్నది. అందుకే స్కాలర్‌షిప్పు ఎలా తెచ్చుకోవాలో చెప్పే ముందు, ఒక స్కాలర్‌షిప్పు మరొకదాన్ని ఎలా పోగొడుతుందో చెప్పదలచుకున్నాము.

గత ఏడాది ఆటో నడుపుకునే ఒక తండ్రి మా వద్దకు వచ్చారు. ఆయన కుమార్తె ఇంటర్మీడియెట్‌లో మంచి మార్కులు తెచ్చుకొని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో చేరింది. నెట్ సెంటరు వారి సలహాతో జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేసింది. 12 వేల రూపాయలు ఖాతాలో పడ్డాయి. ఇంట్లో అందరూ సంతోషించారు. కొన్ని నెలల తరువాత, వేరే స్కాలర్‌షిప్పు పొందుతున్నందున ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత లేదన్న కబురు వచ్చింది. "కష్టపడి మార్కులు తెచ్చుకోవడమే నా బిడ్డ చేసిన తప్పా?" అని ఆ తండ్రి అడిగారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఆ ఇంట్లో నిజమైంది.

లెక్క చూద్దాం. కేంద్ర విద్యాశాఖ ఏటా దేశవ్యాప్తంగా 82 వేల మంది ప్రతిభావంతులకు కొత్తగా ఇచ్చే స్కాలర్‌షిప్పు ఒకటున్నది. అందులో సగం బాలికలకే. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలు మించరాదు. డిగ్రీ స్థాయిలో మొదటి మూడేళ్లు ఏటా 12 వేలు, వృత్తి విద్యా కోర్సులకు నాలుగో ఏడాది 20 వేలు ఇస్తారు. నాలుగేళ్ల ఇంజనీరింగ్‌కు కలిపితే 56 వేలు. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏటా 35 వేల చొప్పున వస్తే నాలుగేళ్లకు 1 లక్షా 40 వేలు. రాష్ట్రాలు ఇచ్చే స్కాలర్‌షిప్పు గానీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ పొందేవారు కేంద్ర స్కాలర్‌షిప్పుకు అనర్హులని దాని నిబంధనల్లోనే ఉన్నది. అంటే ఆ అమ్మాయి 56 వేల కోసం 1 లక్షా 40 వేలు వదులుకున్నట్లయింది. నష్టం 84 వేలు. నిర్వహణ భత్యం దీనికి అదనం.

ఈ నిబంధన వెనుక న్యాయం లేదని మేము అనడం లేదు. ఒకే విద్యార్థికి రెండు చోట్ల నుండి ఫీజు అందితే మరో పేద విద్యార్థికి దక్కకుండా పోతుంది. మైనారిటీలకు రాష్ట్ర పథకపు ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. ఆ పరిమితి దాటి నాలుగున్నర లక్షలలోపు ఉన్న కుటుంబానికి కేంద్ర స్కాలర్‌షిప్పు నిజంగా వరమే. చిక్కంతా రెండింటికీ అర్హత ఉన్న నిరుపేదలకే. చిన్న సాయం పెద్ద సాయాన్ని పూర్తిగా రద్దు చేయడమే మా అభ్యంతరం.

ఈ బాధ మనకొక్కరికే కాదు. మన తెలుగు పిల్లలు పెద్దసంఖ్యలో చదువుకునే అమెరికాలో కూడా, బయటి సంస్థ విద్యార్థికి బహుమతిగా డబ్బు ఇస్తే కళాశాల తానిచ్చే సాయంలో అంతమేర కోత పెట్టడం రివాజుగా ఉండేది. 2017లో మేరీల్యాండ్ రాష్ట్రం తన ప్రభుత్వ కళాశాలల్లో దీన్ని కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. మొత్తం సాయం విద్యార్థి అవసరాన్ని మించితే తప్ప కోత పెట్టరాదన్నది అందులోని ప్రధాన సూత్రం. 2022లో కాలిఫోర్నియా కూడా పేద విద్యార్థుల కోసం ఇటువంటి చట్టమే చేసింది. కొలమానం విద్యార్థి అవసరం కావాలి గాని, సాయం చేసే చేతుల సంఖ్య కారాదు.

మన విషయంలో ఇది మరింత అవసరం. ప్రముఖ కళాశాలల్లో డిగ్రీ విద్యార్థుల్లో 25 మందికి ఒక్కరే ముస్లిం అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. 2022లో ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పులను కేంద్రం నిలిపివేసింది. పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్పు కూడా అదే ఏడాది ఆగింది. తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్నప్పుడు, తెరిచి ఉన్న తలుపును తెలియక మనమే మూసుకోకూడదు.

కనుక తల్లిదండ్రులకు మా విన్నపం. దరఖాస్తు చేసే ముందు రెండు పథకాల మొత్తాన్ని కాగితంపై రాసి, కోర్సు పూర్తయ్యేదాకా లెక్క కట్టండి. ఒకే ఏడాది చూసి నిర్ణయించకండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యంగా వస్తుందని, చేతికందే 12 వేలే మేలని అనిపించవచ్చు. ఆ ఆలస్యం మీద పోరాడుదాం గాని, హక్కును వదులుకోవద్దు. ఒకటి దాచి రెండోది తీసుకోవడమూ వద్దు. అది అమానత్‌కు తగదు. పైగా ఆధార్ అనుసంధానంతో తెలిసిపోతే డబ్బు తిరిగి కట్టవలసి వస్తుంది.

సాయం చేసే పెద్దలకూ ఒక మాట. జకాత్, సదఖా సొమ్ముతో విద్యార్థులను ఆదుకునేటప్పుడు, ప్రభుత్వం భరించే ఫీజును మీరు భరించకండి. పుస్తకాలు, బస్ పాసు, హాస్టల్ భోజనం, పరీక్ష ఫీజు, కంప్యూటరు వంటి అవసరాలు చూడండి. మీ రూపాయి అక్కడే పూర్తిగా పనికివస్తుంది.

ప్రభుత్వాలను మేము మూడే కోరుతున్నాము. ఈ నిబంధనను దరఖాస్తు మొదటి పుటలోనే తెలుగులో, ఉర్దూలో స్పష్టంగా ముద్రించాలి. తెలియక పొరబడిన విద్యార్థి చిన్న మొత్తాన్ని తిరిగి చెల్లించి పెద్దదాన్ని ఎంచుకొనే అవకాశం ఇవ్వాలి. రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఏ ఏడాదివి ఆ ఏడాదే విడుదల చేయాలి.

ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు ఆనాడు మా వద్ద జవాబు లేదు. ఈ సభ నుండి వెళ్లే ప్రతి ఒక్కరూ మరో రెండు ఇళ్లకు ఈ లెక్క చెబితే, వచ్చే ఏడాది ఆ ప్రశ్న మరో తండ్రి అడగవలసిన పని ఉండదు. సెలవు.