నిదానముగా చంపు రోగము

పశువులకు వచ్చు అంటువ్యాధులలో కొన్ని వచ్చినట్లు వెంటనే తెలియును. గాలికుంటు సోకిన పశువునకు నోట చొంగ కారును, కాలు కుంటువడును; రెండు మూడు దినములలో ఊరంతయు మేల్కొనును. మఱికొన్ని రోగములు అట్లుగాక, ఒంటిలో ప్రవేశించి సంవత్సరముల తరబడి మౌనముగా నుండును. ఆ జీవము మేయుచుండును, ఈనుచుండును, చూచువారికి నిక్షేపముగా కనబడును. ఇట్టి రోగము చేయగల హాని ఎంతటిదో తెలిసికొనవలెనన్న మనము ఐస్‌లాండు దేశపు గొఱ్ఱెల చరిత్రను చూడవలెను.

ఉత్తర అట్లాంటిక్ సముద్రములోని ఆ దీవిలో గొఱ్ఱెయే రైతునకు ప్రధానమైన ఆస్తి. 1933లో అచ్చటివారు జర్మనీలోని హాలే పట్టణము నుండి కారకుల్ జాతి గొఱ్ఱెలను 20 తెప్పించిరి. ఆ జాతి పిల్లల తోలునకు మంచి వెల కలదు. వచ్చిన జీవాలను రెండు మాసములు వేరుగా నుంచి కనిపెట్టిరి. ఏ జబ్బును కానరాలేదు. పిమ్మట వానిని వేర్వేరు పల్లెలకు పంచిరి.

కొన్ని యేండ్లు గడచిన పిదప స్థానికపు మందలు క్షీణింపసాగెను. కొన్ని గొఱ్ఱెలు ఎగశ్వాసతో రొప్పుచు చచ్చినవి. దానిని ఆ దేశీయులు 'మైది' యనిరి. మఱికొన్నింటికి వెనుక కాళ్లు పట్టుదప్పి, శరీరము కృశించెను. దానికి 'విస్నా' యని పేరు. రెండింటికిని ఒకే సూక్ష్మజీవి కారణమని తరువాత తేలినది. శీతకాలమున గొఱ్ఱెలను కొట్టములలో ఇఱుకుగా కట్టివేయుటచే ఊపిరి ద్వారాను, తల్లిపాల ద్వారాను అది వ్యాపించెను. రోగము బయటపడుటకు రెండు మూడేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. రెండు మాసముల కాపలా దానినెట్లు పట్టగలదు?

మందు లేదు, టీకా లేదు. కంచెలు వేసి దేశమును భాగములుగా విభజించిరి. రోగమున్న ప్రాంతములలో మందలను మందలుగా వధించి, కొంతకాలము ఆ నేలను గొఱ్ఱెలు లేకుండ విడిచి, ఆపై రోగమెఱుగని ప్రాంతముల నుండి పిల్లలను తెచ్చి పెంచిరి. ఇట్లు వధింపబడినవి 6 లక్షలకు పైబడినవి. తన చేతులతో సాకిన మందను, అందులో ఆరోగ్యముగా కనబడు వానిని సైతము, కత్తికి అప్పగించిన రైతుల వేదనను మనము ఊహింపవచ్చును. 1965 నాటికి ఆ దేశము మైది నుండి విముక్తి పొందెను.

ఈ కష్టము నుండి ఒక గొప్ప జ్ఞానము పుట్టినది. కెల్దూర్ పరిశోధనాలయమునకు చెందిన బ్యోర్న్ సిగుర్ద్‌సన్ 1954లో లండనులో చేసిన ఉపన్యాసములలో 'నిదాన సంక్రమణము' అను భావనను ప్రతిపాదించెను. ఆయన బృందము విస్నా వైరసును ప్రయోగశాలలో పెంచగలిగెను. ఆ వైరసు రెట్రోవైరస్ తెగకు చెందినది. అనగా తన జన్యుసందేశమును తిరుగవ్రాసి, ఆతిథ్యమిచ్చిన కణముయొక్క జన్యుపదార్థములోనే చేర్చివేయును. అందుచే దానిని ఒంటినుండి వెళ్లగొట్టుట అసాధ్యమగుచున్నది. గుర్రములకు వచ్చు అంటు రక్తహీనత, మేకలకు కీళ్లు వాచు ఒక వ్యాధి, ఇదే కుటుంబములోని వైరసుల వలన కలుగుచున్నవి. 1983లో మానవులయందు కనుగొనబడిన ఎయిడ్స్ వైరసును ఈ కుటుంబములోనిదే. గొఱ్ఱెల జబ్బును ఓపికగా పరిశీలించిన వారి శ్రమ మానవ వైద్యమునకును దారిచూపినది.

మన ఇండ్లలో జీవాలను పెంచువారు కలరు. సంతలో కొని మందలో కలుపువారును కలరు. ఐస్‌లాండు మనకు చెప్పునది ఒక్కటే: కంటికి బాగుగా కనబడుట ఆరోగ్యమునకు సాక్ష్యము కాదు. క్రొత్త జీవమును మందలో చేర్చుటకు ముందు ఎచ్చటి నుండి వచ్చినదో విచారింతము, కొంతకాలము వేరుగా నుంతము, అవసరమైనచో పశువైద్యుని చేత రక్తపరీక్ష చేయింతము. అటు చేయుటకు పట్టు కాలము, మందనంతటిని కోల్పోయిన పిదప విచారించు కాలముకంటె మిక్కిలి స్వల్పము.