డీటీపీ తెలుగు: ధర, తాళం, స్వేచ్ఛ



ఈ ఉపన్యాసం ఎవరి పేరున ఏర్పాటైందో ఆయన జీవితమంతా సీసపు అక్షరాలు కూర్చిన కంపోజిటర్. అందుకే సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించి అచ్చుపని వైపు నుంచే మాట్లాడతాను.

ఆ రోజుల్లో ప్రెస్సు యజమాని టైపు కొన్నాడంటే అది పూర్తిగా అతనిదే. అరిగినదాన్ని ఫౌండ్రీకిచ్చి మళ్లీ పోత పోయించుకునేవాడు. అక్షరాలు చాలకపోతే పక్క ప్రెస్సు నుంచి బదులు తెచ్చుకునేవాడు. కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్, దానికి తోడు తెలుగు ఫాంట్లు వచ్చాక ఈ హక్కులు పోయాయి. డబ్బు పెట్టి కొన్నా చేతికొచ్చేది వాడుకునే అనుమతి మాత్రమే.

ఆ అనుమతినైనా చాలామంది కొనలేదు. కొత్తగా డీటీపీ (కంప్యూటర్ అక్షరకూర్పు) సెంటర్ పెట్టిన కుర్రాడికి పేజ్‌మేకర్, ఫొటోషాప్, తెలుగు ఫాంట్లు కలిసి ఒకే దొంగ సీడీలో దొరికేవి. మన కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. వ్యాపారం కోసం కాకపోతే జైలు వేయకుండా వదిలే విచక్షణ కోర్టుకుంది.

ఆ కుర్రాణ్ణి నేను సమర్థించను. గుణింతాలు, ఒత్తులు కలిపి ఒక తెలుగు ఫాంటుకు వందల రూపాలు గీయాలి. గీసినవాడికి కూలి దక్కాలి. కానీ స్నేహితుడికి కాపీ ఇచ్చినవాణ్ణి ఓడల మీద పడి దోచుకునే దొంగ పేరుతో, 'పైరేట్' అని పిలవడం కూడా నాకు సమ్మతం కాదు.

సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ కోసం రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. వాడేవారికి దక్కాల్సినవిగా అతని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నాలుగు స్వేచ్ఛలు చెప్పింది: ప్రోగ్రామును ఇష్టమైన పనికి నడుపుకోవడం, లోపల చూసి మార్చుకోవడం, ఇతరులకు పంచడం, మార్చినదాన్ని కూడా పంచడం. దొంగ కాపీ మొదటిదాన్ని, చట్టం కళ్లుగప్పి మూడోదాన్ని ఇస్తుంది. రెండోది ఇవ్వలేదు. మన భాష నష్టపోయింది సరిగ్గా అక్కడే.

ఆ పాత ఫాంట్లు తెలుగు అక్షరాల ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గడుల్లో కూర్చోబెట్టాయి. ఏ గడిలో ఏ ముక్క అన్నది ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా నిర్ణయించుకుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగు కనపడదు, అర్థంలేని గుర్తుల వరస కనపడుతుంది. వెతికితే ఒక్క మాట దొరకదు. ప్రపంచ భాషల అక్షరాలకు ఉమ్మడి సంకేతాల పట్టిక అయిన యూనికోడ్ 1991లో వచ్చింది; దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటుంది. అయినా అచ్చురంగం ఏళ్ల తరబడి పాత ఫాంట్లనే పట్టుకుని ఉంది. ఊరంతా ఉచితంగా దొరికే ఆ సీడీనే వాడుతుంటే ప్రెస్సు కూడా ఫైలు ఆ ఫాంట్లలోనే అడుగుతుంది. ఇలా ఫాంటు కంపెనీలు మన భాషకు వేసిన తాళాన్ని పైరసీ మరింత బిగించిందని నా నమ్మకం. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. ఆ తర్వాత దాన్ని తయారుచేసినవారే పక్కనపెట్టారు. మన పుస్తకాల ఫైళ్లు మాత్రం అందులోనే ఉండిపోయాయి.

కాపీరైట్ చట్టంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఒక ప్రోగ్రాము మరోదానితో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం బయట దొరకనప్పుడు, దాన్ని రాబట్టుకునే పనిని 52వ సెక్షన్ ఉల్లంఘనగా చూడదు. అయితే ఆ వెసులుబాటు చట్టబద్ధంగా కాపీ ఉన్నవారికే. దొంగ కాపీతో బతికినవాడు తాళం విప్పుకునే ఆ ఒక్క హక్కునూ వదులుకున్నాడు.

దారి చూపినవారు లేకపోలేదు. దేశికాచార్యులు గారు తాము రూపొందించిన పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లను అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తోడుగా వచ్చిన 'పద్మ' పాత ఫాంట్లలోని వెబ్ పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపింది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చింది. వీరి పనికి మన ప్రచురణకర్తలు రుణపడి ఉన్నారు.

ప్రచురణకర్తలకు నా విన్నపం ఒక్కటే. మీ దగ్గరున్న పాత ఫైళ్లను ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్పించండి. వాడే ఫాంటుకు డబ్బు కట్టండి. కట్టాక, ఏ గడిలో ఏ అక్షరముందో చెప్పే పట్టికను రాతపూర్వకంగా అడగండి. అది బయటపెట్టినందువల్ల ఫాంటు గీసినవారి కూలిలో ఒక్క రూపాయి తగ్గదు.